ముఖ్యమంత్రి పాసైన పరీక్ష

మొదటి ఏడాది పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న నాయకుడికి వందకు ఏడు వచ్చాయి. ఆ ఏడూ ఆయన మేనత్త కొడుకులవీ, వాళ్ళ వియ్యంకులవీ అని తర్వాత తేలింది. లాటరీ తీసి పిలిచిన వందమందిలోకి వాళ్ళు ఎలా దూరారో ఆ పైవాడికే తెలియాలి. మిగతా నాయకుల్లో ఒకరికి మూడు, ఇద్దరికి రెండు, పదకొండు మందికి సున్నా. సున్నా వచ్చినవాళ్ళంతా కలిసి మా ప్రయోగశాల ముందు టెంటు వేసుకుని, యంత్రం చెడిపోయిందని ధర్నా చేశారు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు వచ్చాక ధర్నా ఇంకా బాగా సాగింది.

యంత్రం చెడిపోలేదు. దాన్ని చేసిన నలుగురిలో నేనొకదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పగలను. నా పేరు స్వరూప. మెదడు మీద పరిశోధన చేసే ఆ ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఒక మనిషి కష్టాన్ని ఇంకో మనిషి మనసుపెట్టి విన్నప్పుడు, విన్న మనిషి మెదడులో ఒక గుర్తు పడుతుందని మేము కనిపెట్టాం. బట్టీపడితే అది పడదు. వింటున్నట్టు తలాడించినా పడదు. దానికి ముద్ర అని పేరు పెట్టుకున్నాం. తలకు టోపీ తొడిగి, కష్టం చెప్పుకున్న మనిషి ఫోటో ఎదురుగా పెడితే, ముద్ర ఉంటే తెర మీద పసుపు చుక్క వెలుగుతుంది. లేకపోతే తెర నల్లగా ఉంటుంది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే యంత్రం.

జనం విసిగిపోయి రోడ్ల మీదికొచ్చిన ఏడాది ప్రభుత్వం దిక్కుతోచక ఒక చట్టం చేసింది. ముఖ్యమంత్రి పదవికి నిలబడాలనుకునే ప్రతివారూ వందమంది దరఖాస్తుదారుల గోడు వినాలి, ఒక్కొక్కరిదీ పది నిమిషాలు. ఇరవై ఒక్క రోజుల తర్వాత టోపీ పెట్టుకుని కూర్చోవాలి. యాభై చుక్కలు వెలిగితే అర్హత వచ్చినట్టు. ఆ చట్టం ముసాయిదా రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. వినగలిగినవాడు పాలించగలడని మేమంతా నమ్మాం. చట్టం పాసైన రోజు ఇరుగుపొరుగుకు స్వీట్లు కూడా పంచాను.

మనవాళ్ళ సంగతి తెలిసి కూడా దానికి పరీక్ష అని పేరు పెట్టడం మా మొదటి తెలివితక్కువతనం. పరీక్ష అనే మాట చెవిన పడితే చాలు, మన రాష్ట్రం మొత్తానికీ ఒకటే తోవ కనిపిస్తుంది. ఆరు నెలల్లో నాయకుల కోసం కోచింగ్ సెంటర్లు వెలిశాయి. నలభై అయిదు రోజుల క్రాష్ కోర్సులో కళ్ళు ఎప్పుడు తుడుచుకోవాలో, 'అయ్యో' ఎక్కడ అనాలో నేర్పించారు. వారం వారం మాక్ టెస్టులు పెట్టారు. ఏసీ హాళ్ళలో అరవై ఏళ్ళ పెద్దమనుషులు బెంచీల మీద కూర్చుని, కూలికొచ్చిన ఆడవాళ్ళు చెప్పే ఉత్తుత్తి కష్టాలకు వరసగా తలలాడించారు. ఎవరికీ పట్టుమని పది మార్కులు రాకపోయేసరికి, ఏనాడూ ఒక్క మాట మీద నిలబడని పార్టీలన్నీ ఏకగ్రీవంగా పాస్ మార్కులను ముప్పై అయిదుకు దించాయి. తర్వాత మాజీ మంత్రులకు అయిదు గ్రేస్ మార్కులు కలిపారు. ఆ తర్వాత సప్లిమెంటరీ తెచ్చారు. చివరగా, పెద్దవాళ్ళకు వేళ్ళు నొప్పి పుడతాయి కాబట్టి దరఖాస్తులు రాసుకోవడానికి పక్కన ఒక రాతగాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చని నియమం చేశారు. వేళ్ళతో పనే లేని పరీక్షకు రాతగాడెందుకని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

విశ్వంభర్ మా ప్రయోగశాలకు వచ్చింది అప్పుడే. ఆయనకు రాష్ట్రమంతటా నూట పన్నెండు కాలేజీలున్నాయి. మూడుసార్లు రోడ్ల మంత్రిగా చేశాడు. ఆ రోడ్ల మీద ప్రయాణం చేసినవాళ్ళు ఆయన్ని అంత తేలిగ్గా మరిచిపోలేరు. పరీక్షలో మొదటిసారి రెండు వచ్చాయి, సప్లిమెంటరీలో గ్రేస్ మార్కులు పోను సున్నా. తన కాలేజీల్లో పిల్లలకు తొంభై ఎనిమిది వస్తే మిగతా రెండూ ఎక్కడ పోయాయని గోడకుర్చీ వేయించే మనిషి, తనకు ఆ రెండు ఎలా వచ్చాయో చెప్పలేకపోయాడు. మా డైరెక్టర్ నరహరి ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, బాదంపాలు తెప్పించి, ఒక మార్గముందని చెప్పాడు.

ఆ మార్గం మేము వేరే పని కోసం కనిపెట్టింది. ఒక బస్సు ప్రమాదంలో బతికి బయటపడ్డ డ్రైవరుకు ఏడాదిపాటు కంటి మీద కునుకు లేదు. ప్రాణం పోయేముందు ప్రయాణికులు అతనితో చెప్పుకున్న మాటలు అతని తలలోంచి కదలలేదు. ఆ ముద్రల్ని మేము తీయగలిగాం. అయితే ముద్ర బయట నిలవదు, ఒక తలలోంచి తీస్తే ఇంకో తలలో పెట్టాల్సిందే. నాకు పెట్టండని డ్రైవరు తమ్ముడు ముందుకొచ్చాడు. ఇప్పుడు అన్న హాయిగా నిద్రపోతున్నాడు, తమ్ముడు బస్సెక్కడం మానేశాడు. దీన్ని మేము విజయమని నివేదికలో రాసుకున్నాం.

నరహరి ఆలోచన సులువైనది. విశ్వంభర్ ఎలాగూ వినడు. పక్కన కూర్చున్న రాతగాడు వింటాడు. ఇరవయ్యో రోజున రాతగాడి తలలోంచి ఆ వంద ముద్రలూ తీసి విశ్వంభర్ తలలో పెడితే సరిపోతుంది. కావలసిందల్లా నిజంగా వినే రాతగాడు ఒకడు. అలాంటివాడు ఎక్కడున్నాడో నరహరికి తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు అతన్ని ప్రయోగశాలకు తీసుకొచ్చింది నేనే.

ఆయన మా అక్క సులోచన భర్త, ఓదేలు బావ. కలెక్టర్ ఆఫీసు ఎదురుగా, జిరాక్స్ షాపు పక్కన ప్లాస్టిక్ టేబుల్ వేసుకుని ముప్పై రెండేళ్ళుగా దరఖాస్తులు రాస్తున్నాడు. సోమవారం కలెక్టరు జనం దగ్గర దరఖాస్తులు తీసుకునే రోజు, ఆ రోజు బావకు నీళ్ళు తాగడానికి కూడా తీరదు. ఒకసారి రాయించుకున్న మనిషి ఆరేళ్ళ తర్వాత కనబడినా, మీ రెండో బిడ్డ కాలు నయమైందా అని అడుగుతాడు. నా స్కాలర్‌షిప్ దరఖాస్తులన్నీ ఆయన రాసినవే, నేను చదువుకున్నానంటే ఆ చేతి చలవే. యంత్రం కొత్తగా చేసినప్పుడు సరదాకి బావకు టోపీ పెట్టి, ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళ ఫోటోలు చూపించాం. తెర మొత్తం పసుపైపోయింది. నరహరి కంగారుపడి యంత్రాన్ని రిపేరుకు పంపాడు.

బావను అడగడానికి నేనే వెళ్ళాను. నేను వెళ్ళకపోతే ఇంకొకరు వెళతారని నాకు నేను చెప్పుకున్నాను. నరహరి మరుసటి ఏడు రిటైరవుతున్నాడనీ, ఆ కుర్చీ ఎవరిదో విశ్వంభర్ నోటిమాట మీద తేలుతుందనీ నాకు తెలియకపోలేదు. తర్వాత కొంచెం మరుపు రావచ్చని బావతో అన్నాను. ఆ 'కొంచెం' నేను నమ్మలేదు, ఆయన నమ్మేలా మాత్రం అన్నాను. బావ అంతా విని, కలానికి క్యాపు పెట్టి పక్కన పెట్టాడు. తను రాసిన దరఖాస్తు ఎక్కడిదాకా పోతుందని నన్ను అడిగాడు. కలెక్టరు టేబుల్ దాకా అన్నాను.

"గా టేబుల్ దాటి పోదు, స్వరూపా. ముప్పై రెండేండ్ల సంది సూస్తున్న," అన్నాడు. "గిది సీదా పెద్దసారు తలకాయలకే పోతదంటున్నవు గద. ఒక్కసారన్న పోనీయి. తలకాయల పడ్డంక ఊకుంటడా, మనిషన్నోడు?"

అక్కకు తెలియనివ్వద్దని మాత్రం చెప్పి వచ్చాను.

పరీక్ష మూడు రోజులు జరిగింది. విశ్వంభర్ ముందు కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని షటిల్ మ్యాచి చూశాడు. గోడు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళలో ఒకాయన ఇంటి నంబరును అధికారులు పొరపాటున సెల్ టవరుకు రాసేశారు. పదకొండేళ్ళుగా ఆయన రేషన్ కార్డు, ఓటరు కార్డు అన్నీ ఆగిపోయాయి, ఇంటి పన్ను మాత్రం ఆయనే కడుతున్నాడు. ఆయన చెప్పడం ముగించగానే విశ్వంభర్ తలెత్తి, మీ ఊళ్ళో సిగ్నల్ బాగానే వస్తుందా అని అడిగాడు. వెనక స్టూలు మీద కూర్చున్న బావ రాయడం ఆపి ఆ మనిషి మొహంలోకి చూస్తున్నాడు. పరిశీలకులు ముగ్గురూ అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయని సంతకాలు పెట్టి భోజనానికి లేచారు.

ఆ తర్వాతి ఇరవై రోజులూ బావ ఊరుకుంటే మా పని సాఫీగా జరిగేది. ఆయన ఊరుకోలేదు. విన్న వందమందిలో ముప్పై నలుగురికి తనంతట తానే దరఖాస్తులు రాసి రిజిస్టర్ పోస్టులో పంపాడు. బస్సెక్కి రెండు మండలాఫీసులకు వెళ్ళి వచ్చాడు. కిందిస్థాయి గుమాస్తాలను బతిమాలి నలుగురి పనులు పూర్తి చేయించాడు కూడా. నరహరి ఈ సంగతి విని, మన సరుకు తిరిగి తిరిగి అలిసిపోతుందేమో, ఇంట్లో కూర్చోమని చెప్పమన్నాడు. సరుకు అన్నది బావ తలను.

ఇరవయ్యో రోజు పొద్దున ప్రయోగశాలలో రెండు మంచాలు వేశాం. యంత్రం నడిపింది నేను. మొదటి ముద్రను కదపగానే మా పొరపాటు అర్థమైంది. పల్లి చెట్టు పీకితే కాయలన్నీ గుత్తిగా వచ్చినట్టు, దాని వెనకే ఇంకొన్ని కదిలాయి. బావలాంటి మనిషి కొత్త కష్టాన్ని విడిగా వినడు, అంతకుముందు విన్న కష్టాల సాయంతో వింటాడు. సెల్ టవరు మనిషి గోడు కింద పాతికేళ్ళనాటి రైతు గోడు ఉంది, దాని కింద మరొకటి ఉంది. వంద తీయాలంటే ముప్పై రెండేళ్ళూ తీయాల్సిందే.

ఆపుదామా అని నరహరిని అడిగాను. సగంలో ఆపితే విశ్వంభర్‌గారి తల పాడవుతుందన్నాడు. బావ తల గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ గుర్తుచేయలేదు. యంత్రాన్ని నడుపుతూనే పోయాను. అన్నిటికంటే అడుగున ఒక ముద్ర ఉంది. చాలా పెద్దది, రావడానికి గంట పట్టింది. అదీ వచ్చాక బావ తెర నల్లబడింది.

మర్నాడు విశ్వంభర్‌కు తొంభై ఒకటి వచ్చాయి. ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. కాలేజీ ర్యాంకర్ల ఫోటోల మధ్యలో ఆయన ఫోటో, కింద ఎర్రటి అంకెల్లో మార్కులు, పక్కన రాష్ట్ర ప్రథముడని బిరుదు. రెండు నెలల్లో ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. రాబోయే డైరెక్టర్ని నేనేనని ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. ఎన్నికల సభల్లో విశ్వంభర్ నిజంగానే ఏడ్చాడు, అది కోచింగ్ సెంటర్ ఏడుపు కాదు. సెల్ టవరు మనిషిని జనంలో గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచి, వేదిక మీద కౌగిలించుకున్నాడు. ఇంటి నంబరు మాత్రం ఈ రోజుకీ టవరుదే.

బావ మళ్ళీ తన టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. చేతిరాత అలాగే ఉంది, ఒక్క తప్పు లేదు. ఒకామె కొడుకు చనిపోయిన సంగతి చెబుతూ ఏడుస్తుంటే, సర్వే నంబరు చెప్పమ్మా అని అడిగాడట. జనం మెల్లగా పక్కనున్న ఇంకో రాతగాడి దగ్గరికి మళ్ళారు. నేను ఆ వీధి వైపు వెళ్ళడం మానేసి చుట్టుతిరిగి ఆఫీసుకు పోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం అక్క ప్రయోగశాలకు వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. ముఖ్యమంత్రి టీవీలో లావణ్య సంగతి మాట్లాడాడని చెప్పింది.

లావణ్య అక్కాబావల కూతురు. ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. పట్నం తీసుకుపోవడానికి మా ఊరి దవాఖానలో బండి లేక, వరండాలో అక్క ఒళ్ళోనే ప్రాణం విడిచింది. బావ అప్పుడు మగ్గాల పనికి ముంబై దగ్గరి భీవండి వెళ్ళి ఉన్నాడు, మూడో రోజుకు గానీ రాలేకపోయాడు. అక్క ఒక మధ్యాహ్నమంతా జరిగింది జరిగినట్టు చెప్పింది, ఆయన కదలకుండా విన్నాడు. తర్వాత లేచి, తెల్లకాగితం కొనుక్కొచ్చి, ఊరి దవాఖానకు బండి కావాలని దరఖాస్తు రాశాడు. ఆయన రాసిన మొదటి దరఖాస్తు అదే. మళ్ళీ భీవండి పోలేదు.

"పిల్ల చాయల ముంచిన రస్కు అడిగిందట, అది తినకుండనే చేతుల పట్టుకొని పోయిందట. గిట్ల సెప్పి ఏడ్సిండు ముఖ్యమంత్రి," అంది అక్క. "గా ముచ్చట నేను ఒక్క మనిషికే సెప్పిన, స్వరూపా. నీకు గూడ సెప్పలే."

అడుగున ఉన్న ముద్ర ఏమిటో నాకప్పుడు తెలిసింది. అక్కకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. పోయిన వారం లావణ్య పోయిన దినమని గుర్తుచేస్తే, బావ అవునా అని, ఇంకొంచెం పచ్చిపులుసు పోయమన్నాడట. బిడ్డ ఉండేదని ఆయనకు తెలుసు, పోయిందని తెలుసు, అంతవరకే. ముప్పై రెండేళ్ళు తన దుఃఖంలో సగం మోసిన మనిషి అలా పక్కన కూర్చుని అన్నం కలుపుకుంటుంటే ఆ ఇంట్లో ఉండలేకపోతున్నానంది. తీసుకున్నవాడి దగ్గరికి తీసుకుపొమ్మని అడిగింది.

ముఖ్యమంత్రి పొద్దున సందర్శకులను కలిసే హాలుకు నలుగురం వెళ్ళాం. అక్క, బావ, నేను, మమ్మల్ని ఒంటరిగా వదిలితే ఏం మాట్లాడతామోనని వెంటపడ్డ నరహరి. విశ్వంభర్ అక్కను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎవరూ పరిచయం చేయలేదు. సులోచనమ్మా అని పిలిచి, ఎదురొచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. లావణ్యకు ఆ రోజు ఏ రంగు రిబ్బను కట్టిందీ, జ్వరంలో పిల్ల ఏమని కలవరించిందీ, వరండాలో అక్క ఎన్ని గంటలు బండి కోసం చూసిందీ అన్నీ చెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు. బావ పక్కనే నిలబడి మర్యాదగా విన్నాడు. అంతా అయ్యాక, "పాపం," అన్నాడు. పేపర్లో ఎవరి సంగతో చదివి మనం అనే పాపం అది.

అక్క కొంగు బిగించుకుంది. "సారూ, మీరు ఏడ్వకుండ్రి. గా ఏడుపు మా ఆయనది. మా ఆయనకు ఇచ్చేయుండ్రి."

విశ్వంభర్ బాధపడ్డాడు. అది కూడా నిజమైన బాధే. అది తీసేస్తే తన అర్హత పోతుందనీ, అర్హత పోతే ప్రభుత్వమే పడిపోతుందనీ, రాష్ట్రం కోసం ఆమె కొంచెం ఓర్చుకోవాలనీ చెప్పాడు. అయితే మా ఊరి దవాఖానకు బండైనా ఇప్పించండని అక్క ఒక కాగితం తీసి ఇచ్చింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, చదవకుండానే వెనక్కి చాపాడు. పీఏ అందుకుని కట్టలో పెట్టాడు.

"నాకు యాదున్నది తల్లీ," అన్నాడు విశ్వంభర్. "నాకంతా యాదున్నది."

ఆయన మోసం చేయడం లేదు. గుర్తుండటమే తన పని అనుకుంటున్నాడు. పాసయ్యాడు కదా, ఇంకేం చేయాలి? చట్టంలో అంతకు మించి మేమేమీ రాయలేదు. విన్న మనిషి చేతులు కట్టుకుని కూర్చోలేడని మేము అనుకున్నాం, అంత అమాయకులం మేము. ఆ మధ్యాహ్నం లేచి కాగితం కొనుక్కొచ్చింది బావ, ముద్ర కాదు. ఇరవై రెండేళ్ళు ఆ ప్రయోగశాలలో గడిపినదాన్ని, ఆ తేడాను ఆ హాల్లో నిలబడి తెలుసుకున్నాను.

అక్క కాగితాల కట్ట వైపు కాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మీకొచ్చిన తొంభై ఒకటి మా ఆయనయే గద, సారూ. మరి గీ కుర్సీకి నిలవడాల్సినోడు ఎవడు?"

ముందు పీఏ నవ్వాడు. తర్వాత నరహరి. కళ్ళు తుడుచుకుంటున్న విశ్వంభర్ కూడా నవ్వేసి, ఓదేలన్నా విన్నవా, నీ ఇంటామె నిన్ను ముఖ్యమంత్రిని చేస్తదట అని బావ భుజం తట్టాడు. ఆ నవ్వులో కుళ్ళు లేదు, అందుకే అది అంత అసహ్యంగా ఉంది. జిరాక్స్ షాపు పక్కన టేబుల్ వేసుకునే మనిషి నామినేషన్ వేయడమన్నది వాళ్ళకు నిజంగానే హాస్యంగా తోచింది. బావ కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. యంత్రం చేసి, చట్టం రాసి, బావ తెర మొత్తం పసుపైపోవడం కళ్ళారా చూసినదాన్ని నేను. ఈ మనిషే నిలబడొచ్చు కదా అని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు అక్క అడిగితే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకూ నవ్వొచ్చింది.

మేమందరం నవ్వడం ఆపేదాకా అక్క అక్కడే నిలబడింది. తర్వాత బావ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. నన్ను పిలవలేదు.